ఇంటి గుట్టుకు సరిహద్దు లేదు

2025 మే నెలలో ఢిల్లీలో టర్కీ పేరెత్తితే మొగం చిట్లించనివారు అరుదు. పహల్గాం ఘాతుకం, దరిమిలా ఆపరేషన్ సిందూర్ జరిగిన ఆ రోజులలో అంకారా ప్రభుత్వం బాహాటంగా పాకిస్తాన్ పక్షం వహించింది. ప్రతిచర్యగా మే 15న, మన విమానాశ్రయాలలో సేవలందిస్తూ వచ్చిన చెలెబి సంస్థకు కేంద్రం భద్రతా అనుమతిని రద్దు చేసింది. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం టర్కీలోని ఇనోను విశ్వవిద్యాలయంతో చేసుకున్న ఒప్పందాన్ని నిలిపివేసింది. జామియా మిలియా కూడా అదే బాట పట్టింది. వర్తకులు టర్కీ ఆపిల్ పండ్లు తెప్పించుకోవడం మానుకున్నారు. ముంబయి సినీ కార్మికుల సమాఖ్య అక్కడ షూటింగులు జరపవద్దని నిర్మాతలను కోరింది.

అంతకు వారం ముందే, మే 8న, కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ ఓటీటీ వేదికలకు ఒక సలహాపత్రం పంపింది. పాకిస్తాన్‌లో తయారైన వెబ్ సీరీస్‌లు, చలనచిత్రాలు, పాటలు, పాడ్‌కాస్టులు తక్షణం నిలిపివేయాలన్నది దాని సారాంశం. జాతీయ భద్రత అందుకు చూపిన కారణం. ఆ పత్రంలో టర్కీ పేరు లేదు. ఆపిల్ పండుకూ విమానాశ్రయానికీ పట్టిన గతి టీవీ సీరియల్‌కు ఎందుకు పట్టకూడదన్న ప్రశ్న మాత్రం సహజంగానే తలెత్తుతుంది. మంత్రివర్గాల మార్పులు, ముఠా తగాదాలు చదవడానికి అలవాటుపడిన ఈ శీర్షిక పాఠకులకు సీరియళ్ళ ప్రసక్తి చిన్నతనంగా తోచవచ్చు. కాని రోజూ సాయంత్రం కోట్లాది ఇళ్ళలో జరిగే వ్యవహారాన్ని చిన్నదిగా చూడడమే రాజకీయాలు చర్చించేవారు చాలాకాలంగా చేస్తున్న పొరపాటు.

ఈ సీరియళ్ళు చూస్తున్నది ఎవరు? ఎందుకు చూస్తున్నారు? ఈ ప్రశ్నకు జవాబు ఢిల్లీ సచివాలయాలలో దొరకదు. ఇటీవల సొంత పనిమీద పుదుచ్చేరి వెళ్ళినప్పుడు నటేశన్ నగర్‌లో ఒక తెలుగు కుటుంబాన్ని కలుసుకోవడం జరిగింది. వారిది యానాం. ప్రభుత్వోద్యోగం రీత్యా పుదుచ్చేరి పట్టణంలో కాపురం. గోదావరి ఒడ్డునున్న యానానికీ, అక్కడి ప్రజలను పాలించే ఈ పట్టణానికీ మధ్య రోడ్డు మార్గాన ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరం ఉన్నందున ఇటువంటి కాపురాలు అక్కడ కొత్త కాదు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఆ సాయంత్రం తల్లీ, కాలేజీలో చదివే కూతురూ కలిసి సెల్‌ఫోన్‌లో చూస్తున్నది ‘ఫెరిహా’ అనే టర్కీ సీరియల్, అదీ హిందీలో. తల్లికి హిందీ అంతంతమాత్రం. కూతురు తెలుగులో చెబుతుంటే ఆమె వింటున్నది.

ఫెరిహా తండ్రి ఇస్తాంబుల్‌లోని ధనికుల పేటలో ఒక అపార్ట్‌మెంటుకు కాపలాదారు. తల్లి ఆ ఇళ్ళలో పనిచేస్తుంది. చదువులో దిట్ట అయిన ఫెరిహా ఉపకార వేతనంతో ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరి, తోటివారి మధ్య తానూ ధనికురాలినేనని నమ్మిస్తుంది. ఎమీర్ అనే శ్రీమంతుల బిడ్డ ఆమెను ప్రేమిస్తాడు. ఇక కథంతా ఆ అబద్ధం ఎప్పుడు బయటపడుతుందన్న దిగులే. “వాచ్‌మన్ పని చేస్తే తప్పేంటే? కన్నతండ్రిని ఎందుకు దాచుకోవాలి?” అని తల్లి అడిగింది. “నీకు తెలీదులేమ్మా” అని కూతురు ఊరుకున్నది. ఆ పిల్లకు తెలిసినదేమిటో, తల్లికి తెలియనిదేమిటో చెప్పగలిగితే టర్కీ సీరియళ్ళ ఆకర్షణ గురించి సగం చెప్పినట్లే.

కుటుంబ రహస్యం మనకు కొత్త సరుకు కాదు. కుంతి దాచిన కర్ణుని జన్మ రహస్యం కంటె పెద్ద ఇంటి గుట్టు ఏ దేశపు సీరియల్‌లోనూ లేదు. అది బయటపడే వేళకు కురుక్షేత్రం ముగిసింది. ఇక సంపన్న నాయకుడు, ఆత్మాభిమానం గల మధ్యతరగతి నాయిక అన్న జోడీని 1960లలోనే యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో జయంతి, రాజశేఖరం రూపంలో తెలుగు పాఠకులకు ఇచ్చారు. పత్రికలో వచ్చే వాయిదా కోసం ఇల్లాళ్ళు ఎదురుచూసిన ఆ రోజులలో ఆమె నవలలను కాలక్షేపమని చులకన చేసిన విమర్శకులు ఎందరో. ఇస్తాంబుల్ కథలు మన ఇళ్ళలో ఇంత సులువుగా ఇమడడానికి ఆ నవలలు వేసిన బాట ఒక కారణం.

టర్కీవారిదీ అదే సంప్రదాయం. వారి సీరియళ్ళలో పేరుమోసిన ‘అష్క్-ఇ మెమ్నూ’ 2008 నుంచి 2010 వరకు ప్రసారమైంది. నిషిద్ధ ప్రణయం అని ఆ పేరుకు అర్థం. దానికి మూలం ఒట్టోమన్ సామ్రాజ్యం చివరి దశలో, 1900 ప్రాంతంలో, హాలిత్ జియా ఉషాక్లిగిల్ రాసిన నవల. బోస్ఫరస్ జలసంధి ఒడ్డున ఒక భవంతి, వయసు మళ్ళిన భర్త, పడుచు భార్య, అదే ఇంట పెరిగిన బంధువు కుర్రవాడు - ఇంతే కథ. మొత్తం 79 భాగాలతో ముగించారు. మన ‘కార్తీక దీపం’ 2017 నుంచి 2023 వరకు పదిహేను వందల భాగాలు దాటి నడిచింది. ఎప్పుడో ఒకనాడు ముగుస్తుందన్న నమ్మకం కూడా ప్రేక్షకురాలికి ఒక ఆకర్షణే.

పెద్దల చేతిని ముద్దాడి నుదుటికి ఆనించుకునే మర్యాద, మాటకంటె చూపుతోనే నడిచే ప్రేమ, ఉమ్మడి భోజనాల బల్ల దగ్గర పైకి తేలని తగవు - ఇవన్నీ మన ఇళ్ళకు దగ్గరివే. అయితే అసలు ఆకర్షణ ఆ గుట్టులో ఏమున్నదన్న దానిలో ఉన్నది. మన సీరియళ్ళలో రహస్యం సాధారణంగా ఒక యంత్రం. అపార్థం పుట్టించడానికి అది పనికివస్తుంది. దాన్ని తీసివేస్తే అడుగున సమాజం కనిపించదు. ఒక దుష్టురాలి కుట్ర మాత్రమే కనిపిస్తుంది. ‘కార్తీక దీపం’లో డాక్టరు భర్త భార్య శీలాన్ని ఏళ్ళ తరబడి అనుమానించడానికి మూలం మరొక స్త్రీ ఆడిన అబద్ధం. అనుమానించే హక్కు అతనికి ఎవరిచ్చారన్న ప్రశ్న ఆ అబద్ధం చాటున తప్పించుకుపోయింది. మంచి టర్కీ సీరియల్‌లో గుట్టు అడుగున సమాజపు సిగ్గు ఉంటుంది. ఫెరిహా దాచింది తండ్రి వృత్తిని. 2010 నుంచి 2012 వరకు వచ్చిన ‘ఫాత్మాగుల్’లో పల్లెటూరి పిల్లపై జరిగిన సామూహిక అత్యాచారాన్ని పలుకుబడి గల కుటుంబం కప్పిపుచ్చి, ఆనాడు అక్కడ ఉన్న యువకునితోనే ఆమెకు పెళ్ళి జరిపిస్తుంది. బాధితురాలిని పెళ్ళాడితే శిక్ష తప్పే చట్టం టర్కీలో 2005లో కొత్త శిక్షాస్మృతి అమలులోకి వచ్చేవరకు ఉండేది. చట్టం పోయినా కుటుంబాల మనసులలో అది పోలేదన్న సంగతిని ఆ సీరియల్ కోర్టు గది దాకా లాగింది. చూసే స్త్రీకి గుట్టు ముందే తెలుసు. సొంత ఇంట్లో నోరు విప్పే వీలు లేని మనిషి ఆ గంటసేపు న్యాయమూర్తి స్థానంలో కూర్చుంటుంది.

ఇప్పుడు నటేశన్ నగర్ అమ్మాయి మౌనం సంగతి. మన దేశంలో కాలేజీకి పోయే పిల్లలు తండ్రి వృత్తికంటె జాగ్రత్తగా దాచేది కులాన్ని. ఇంటిపేరు అడుగుతారేమోనన్న భయం, ఊరిలో ఏ పేట అని అడిగితే తడబాటు - ఇవి ఢిల్లీ హాస్టళ్ళలో తెలుగు విద్యార్థులకు తెలియనివి కావు. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో దళిత, గిరిజన విద్యార్థుల పట్ల వివక్షపై థోరట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో చదివిన యాషికా దత్ అనే పాత్రికేయురాలు తన దళిత జన్మను ఏళ్ళ తరబడి దాచిన వైనాన్ని 2019లో పుస్తకంగా రాశారు. మరుసటి ఏడాదికి సాహిత్య అకాడమీ యువ పురస్కారం దానికి లభించింది. ఇంతకుమించిన కుటుంబ రహస్య గాథ ఏమి కావాలి? అయినా అటువంటి గుట్టును నడిబొడ్డున పెట్టి ఏళ్ళ తరబడి జనాన్ని కట్టిపడేసిన తెలుగు సీరియల్ ఏదని అడిగితే జవాబు దొరకదు. మనవారు చెప్పని కథను పరాయి భాషలో, మరో పేరుతో, మన పిల్లలు చూసుకుంటున్నారు.

ఇక దౌత్యం సంగతి. సీరియళ్ళ కొళాయి కట్టడంలో ఢిల్లీ ఒక్కటే లేదు. 2008లో ‘గుముష్’ అనే టర్కీ సీరియల్ ‘నూర్’ పేరుతో అరబ్బు దేశాలలో ప్రసారమైతే చివరి భాగాన్ని ఎనిమిదిన్నర కోట్ల మంది చూశారని ఎం.బి.సి. ఛానెల్ ప్రకటించింది. గ్రాంథిక అరబ్బీని విడిచి సిరియా వాడుక భాషలో డబ్బింగ్ చెప్పించడం ఆ విజయానికి ఒక కారణం. సౌదీ మతపెద్ద ఖండించినా జనం చూడడం మానలేదు. పదేళ్ళ తరువాత, 2018 మార్చిలో, రాజకీయ సంబంధాలు చెడగానే అదే ఛానెల్ టర్కీ సీరియళ్ళను తొలగించింది. మన దగ్గర 2014లో జీ సంస్థ ‘జిందగీ’ ఛానెల్‌ను పాకిస్తాన్ సీరియళ్ళతో ఆరంభించి, 2016 సెప్టెంబరులో ఉరీ దాడి అనంతరం వాటిని నిలిపివేసింది. ‘ఫెరిహా’ 2015లో ఈ దేశానికి వచ్చింది ఆ ఛానెల్ ద్వారానే. 2017లో ఛానెలే మూతపడింది. ప్రేక్షకులు మాత్రం ఫోన్లలోకి తరలిపోయారు.

టర్కీ సీరియళ్ళన్నిటినీ ఒక గాటన కట్టడం కూడా సరికాదు. 2020లో పాకిస్తాన్ ప్రభుత్వ టీవీలో ఆనాటి ప్రధాని ఇమ్రాన్ ఖాన్ ప్రోద్బలంతో ప్రసారమైన ‘ఎర్తుగ్రుల్’ టర్కీ ప్రభుత్వ ఛానెల్ వారి చారిత్రక వీరగాథ. అందులో రాజకీయ ప్రయోజనం ఉన్నదంటే కాదనలేము. ప్రైవేటు ఛానెళ్ళ కుటుంబ కథలు వేరు. వాటి మీద అక్కడి పాలకులకే సదభిప్రాయం లేదు. సుల్తాను అంతఃపురాన్ని చూపిన ‘మహోజ్వల శతాబ్ది’ సీరియల్‌పై 2012లో ఎర్డోగన్ స్వయంగా విరుచుకుపడ్డారు. మతశాఖలలోని కుటుంబ జీవితాన్ని చిత్రించిన ‘కిజిల్ గొన్జాలర్’ను 2023 డిసెంబరులో అక్కడి ప్రసార నియంత్రణ మండలి రెండు వారాలు నిలిపివేసింది. స్త్రీలపై హింసను అరికట్టడానికి ఇస్తాంబుల్ పేరు మీదనే కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం నుంచి 2021లో వైదొలగిన ప్రభుత్వం అది. అంకారా మీద కోపంతో ఫాత్మాగుల్ కథను మనం మూసివేస్తే, అంకారాలోని నియంత్రణాధికారులకు సాయపడిన వారమవుతాము.

ఈ వాదానికి గట్టి ఎదురువాదం ఒకటి ఉన్నది. అది దేశభక్తికి సంబంధించినది కాదు, కూటికి సంబంధించినది. 2010 తరువాతి సంవత్సరాలలో తెలుగు టెలివిజన్ కళాకారులు, సాంకేతికులు డబ్బింగ్ సీరియళ్ళకు వ్యతిరేకంగా హైదరాబాదులో ఆందోళన చేశారు. ‘బాలికా వధు’ తెలుగులో ‘చిన్నారి పెళ్ళికూతురు’ అయి వచ్చి ఇంటింటా వెలిగిన కాలమది. పాకిస్తాన్‌లో 2012లో ‘అష్క్-ఇ మెమ్నూ’ ఉర్దూలో విజయవంతమైనప్పుడు అక్కడి నటులదీ ఇదే మొర. వారి భయం న్యాయమైనది. తయారైన సరుకును చవకగా కొని గొంతు మార్చి అమ్మడం ఛానెల్ యజమానికి లాభసాటి. దానికి విరుగుడు నిషేధంలో లేదు. స్థానిక నిర్మాణానికి ఇన్ని గంటలన్న నియమం పెట్టవచ్చు. కథ కొని ఇక్కడి రచయితలతో, నటులతో, ఇక్కడి నేల మీద తిరగరాయించవచ్చు. 1982లో ఆనాటి సమాచార ప్రసార మంత్రి వసంత్ సాఠే మెక్సికో వెళ్ళి అక్కడి ధారావాహికలను చూసి వచ్చిన ఫలితమే 1984 జూలై 7న దూరదర్శన్‌లో మొదలైన ‘హమ్ లోగ్’. ఊహ మెక్సికోది. రచన మనోహర్ శ్యామ్ జోషిది. కుటుంబం మాత్రం అచ్చంగా ఉత్తరాది దిగువ మధ్యతరగతిది. సీరియల్ ఒక్కటి చూడకుండా విదేశీ ప్రభావమని గుండెలు బాదుకునేవారు, భారతీయ సీరియల్ పుట్టుకే అలా జరిగిందని గుర్తుంచుకోవడం మంచిది.

టర్కీ సీరియళ్ళలో లోపాలు లేవని కాదు. నాయకుని అసూయను ప్రేమగా చూపే జబ్బు వాటికీ ఉన్నది. భవంతుల వైభవం కథకంటె ముందు నడిచే సందర్భాలు కోకొల్లలు. ఒక్కో భాగాన్ని సినిమా అంత పొడుగు సాగదీస్తున్నారని 2010లో ఇస్తాంబుల్‌లో సీరియల్ కార్మికులే వీధికెక్కారు. అయినా కాపలాదారు కూతురు తన పేరు తాను చెప్పుకోవడానికి పడిన యాతన నటేశన్ నగర్ దాకా వినిపించిందంటే, ఆ కథ చెప్పినవారికి దక్కవలసిన గౌరవం దక్కవలసిందే.

ఇంటి గుట్టు లంకకు చేటు అని మన సామెత. పాలకులకు ఆ భయం ఎప్పుడూ ఉంటుంది. కాని లంకకు చేటు తెచ్చింది గుట్టు చెప్పిన విభీషణుడు కాదు, చెప్పినప్పుడు వినని రావణుడు. సమాచార ప్రసార శాఖ చేయవలసిన పని చాలా తేలిక: మే 8 నాటి పత్రంలోకి మరో దేశం పేరు చేర్చకుండా ఊరుకోవడం. హైదరాబాదు స్టూడియోలు చేయవలసిన పని కష్టమైనది. హాస్టల్ గదిలో ఇంటిపేరు మింగుకునే అమ్మాయిని నాయికగా నిలబెట్టి, ఆమె గుట్టు బయటపడిననాడు సిగ్గుపడవలసింది ఎవరో తెలుగులో చెప్పాలి. అది జరిగేదాకా మన పిల్లలు ఫెరిహా వైపే చూస్తారు. వారిని తప్పుపట్టే అర్హత మనకు లేదు.