రాసిపెట్టడం తేలిక పనా?

"కోడు రాసేది వాళ్ళట, నువ్వు పక్కన కూర్చుని వివరాలు రాస్తావట. పోన్లే అమ్మా, ఆడపిల్లకి తేలికైన పనే దొరికింది" అంది మా బంధువుల్లో ఒక పెద్దావిడ. ఆవిడ అన్నందుకు నాకేం బాధ లేదు. ఆఫీసుల్లో పెద్ద చదువులు చదివినవాళ్ళూ ఇదే మాట ఇంగ్లీషులో అంటున్నారు. అదీ నా బాధ.

నా పనేమిటో ముందు చెబుతాను. ఈ-స్పోర్ట్స్ అంటే మన పిల్లలు సెల్‌ఫోన్లలో, కంప్యూటర్లలో ఆడే ఆటలే. కాకపోతే జట్లు కట్టి పోటీలుగా ఆడతారు. చిన్నచూపు చూడకండి. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో వీటిని ప్రదర్శనగా పెట్టారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన క్రీడల్లో ఏకంగా పతకాలే ఇచ్చారు. ఏ మ్యాచ్ ఎప్పుడు, ఎవరు గెలిచారు అన్న సమాచారం తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేర్ పనిముట్లు ఉన్నాయి. నేను చూసే పనిముట్టుని వాడేది మనిషి కాదు, ఏఐ ఏజెంటు. మనం ప్రశ్న అడిగితే, ఏ పనిముట్టు వాడాలో తనే తేల్చుకుని జవాబు తెచ్చే కృత్రిమ మేధ అన్నమాట. దానికి అర్థమయ్యేలా ఈ పనిముట్టు గురించి రాసిపెట్టడం నా ఉద్యోగం.

ఇందులో తేలికేముంది? మనుషులకైతే "తగినంత ఉప్పు" అని రాస్తే చాలు, మిగతాది చెయ్యి చెబుతుంది. ఏజెంటుకి ఆ చెయ్యి లేదు. పక్కింటికి వెళ్ళి అడిగీ రాదు. మనం రాయని చోట ఊహించుకుంటుంది, ఆ ఊహనే ఎంతో ధీమాగా చెబుతుంది.

టైమే తీసుకోండి. ఇలాంటి సమాచారంలో వేళలు సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక కాలమానంలో ఉంటాయి. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందు. అక్కడ 19:00 అని ఉంటే మనకి అర్ధరాత్రి దాటి 12:30. తారీఖే మారిపోతుంది! ఆ ఒక్క ముక్క రాయకపోతే "ఈ రాత్రి ఏడింటికి మ్యాచ్" అని చెప్పేస్తుంది. స్కోరూ అంతే. కౌంటర్ స్ట్రైక్ 2లో 13-9 అంటే ఒక మ్యాప్‌లో రౌండ్ల లెక్క, 2-1 అంటే మ్యాచ్ మొత్తంలో మ్యాప్‌ల లెక్క. ఏ గడిలో ఏ లెక్క ఉందో ఎవరో ఒకరు రాయాలి కదా?

అన్నిటికంటే కష్టమైన మాట "లేదు". బస్టాండు ఎంక్వయిరీలో "బస్సు లేదు" అంటారు. రద్దయిందా, ఇంకా రాలేదా, ఆయనకే తెలియదా? మూడింటికీ అదే మాట. పనిముట్టు ఖాళీ జాబితా ఇచ్చినప్పుడూ ఇదే గొడవ. మ్యాచ్‌లు లేవా, సమాచారం అందలేదా? తేడా తెలిసేలా చేసి, ఆ తేడా రాసి తీరాలి.

ఆటలే కదా, తప్పు చెబితే కొంపలేం మునుగుతాయి అనకండి. పందేల వల్ల మునిగిన కొంపలు మనకి తెలియనివా? డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధం తెచ్చాయి. కేంద్రం 2025లో చేసిన చట్టం అలాంటి ఆటల్ని నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ని గుర్తించింది. ఆట వేరు, పందెం వేరు అని గీత గీసింది. ఆ గీత నా రాతలోనూ ఉండాలంటాను. "జరిగిన మ్యాచ్‌ల ఫలితాలు చెప్పడానికే ఇది, ఎవరు గెలుస్తారో జోస్యం చెప్పడానికి కాదు" అని రాయాలి. రాసినంత మాత్రాన అన్నీ ఆగిపోతాయా? ఆగవు. తలుపుకి గడియ కోడులోనూ ఉండాలి. కానీ అసలు రాయనే రాయకపోతే ఎవర్ని తప్పు పడతాం?

2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతి విడుదల చేసింది. అందులో పనిముట్టు పేరుతోపాటు దాని వివరణా ఏజెంటు ముందుకి వెళుతుంది. అది చదివే ఏజెంటు అడుగు వేస్తుంది. అంటే రాత కూడా పనిముట్టులో భాగమే. అయినా చాలాచోట్ల రేపు విడుదల అనగా ఈ సాయంత్రం గుర్తొచ్చే పని ఇది. "కొంచెం రాసిపెట్టేయమ్మా" అని ఒక అమ్మాయి చేతిలో పెడతారు. ప్రమోషన్ల లెక్కలోకి మాత్రం రానివ్వరు.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. రాసేవాళ్ళని మొదటి రోజునుంచీ పిలవండి. రాసింది ఏజెంటుకిచ్చి, నాలుగు తిరకాసు ప్రశ్నలడిగి పరీక్షించే టైమివ్వండి. కోడు రాసినవాళ్ళ పేరు పక్కన రాసినవాళ్ళ పేరూ పెట్టండి. ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలూ, మీరు కూడా "నేను రాయడమేనండీ" అని నసగకండి. పనిముట్టు సగం మీరు చేశారు. జీతం మాట్లాడేటప్పుడు ఆ సంగతి గట్టిగా చెప్పండి.