బరువులెత్తిన వీరుడు, బరువులెత్తించిన గురువు

పతకము గెలిచినవానికి పూలమాలలు వేయువారు పెక్కుమంది. వానిని తీర్చిదిద్దినవానిని తలంచువారు మిక్కిలి యరుదు. ఈ రెండు స్థానములందును నిలిచిన యొకని చరిత్రమును మా విద్యార్థుల యెదుట నుంచి, దానివలన మాకు తోచిన యభిప్రాయమును విన్నవించుచున్నాము.

టామీ కోనో 1930 సంవత్సరమున అమెరికాలోని సాక్రమెంటో నగరమున జన్మించెను. తలిదండ్రులు జపాను వంశీయులు. బాలుడు ఉబ్బసముచే కృశించి యుండెను. జపానుతో యుద్ధము సంభవింపగా, 1942 మొదలు అమెరికా ప్రభుత్వము జపాను సంతతివారిని సుమారు 1,20,000 మందిని నిర్బంధ శిబిరములకు తరలించెను. వారిలో పెక్కురు ఆ దేశపు పౌరులే. ఏ నేరమును చేసినవారు కారు. కోనో కుటుంబము టూలే లేక్ శిబిరమునకు చేరెను. ఆ ప్రభుత్వమే 1988లో తన తప్పిదమునకు క్షమాపణ చెప్పెను.

అచ్చటి పొడిగాలి బాలుని ఉబ్బసమునకు మేలుచేసెను. అంతకన్న మేలుచేసినది పొరుగువారి స్నేహము. బరువులెత్తు సాధన చేయువారు కొందరు ఈ బక్కబాలుని పరిహసింపక చేరదీసి, తమ విద్యను నేర్పిరి.

ఆ బాలుడే 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలయందు 67.5 కిలోల తరగతిలోను, 1956లో మెల్బోర్న్ నగరమున 82.5 కిలోల తరగతిలోను స్వర్ణ పతకములను, 1960లో రోము నగరమున రజత పతకమును గెలుచుకొనెను. తన్ను నిర్బంధించిన దేశమునకే యతడు కీర్తి తెచ్చెను. పిమ్మట శిక్షకుడై, 1968లో మెక్సికో జట్టును, 1972లో పశ్చిమ జర్మనీ జట్టును, 1976లో అమెరికా జట్టును ఒలింపిక్ క్రీడలకు సిద్ధపరచెను. తాను స్థిరపడిన హోనోలులూ నగరమున స్థానిక యువకులకును నేర్పుచు, 2016లో కన్నుమూసెను.

బలవంతులనే యెన్నుకొని శిక్షణ మిచ్చినగాని పాఠశాలకు బహుమానములు రావని కొందరు వాదింతురు. పోటీనాటికి ఆ మాట నిజమే. కాని శిబిరములో బలవంతులనే యెన్నుకొనియుండినచో, మొదట త్రోసివేయబడువాడు కోనోయే గదా! 2000 సంవత్సరమున సిడ్నీలో 69 కిలోల తరగతియందు కాంస్య పతకమును గెలిచి, ఒలింపిక్ పతకము నందిన ప్రథమ భారత మహిళయైన మన శ్రీకాకుళపు కరణం మల్లేశ్వరియు, చిన్ననాట తన యూరి శిక్షకుని చెంతనే బరువు పట్టుట నేర్చెను. పెద్ద వేదికకు మొదటి మెట్టు చిన్న యూరిలోనే యుండును.

కావున మా మనవి యిది. తలిదండ్రులారా, బిడ్డ బలహీనుడని డ్రిల్లు మానిపింపవలదు. వైద్యుని సలహా గైకొని, వాని శక్తికి తగినంత చేయనిండు. ఉపాధ్యాయులారా, కప్పు తెచ్చువానితోపాటు, నిన్నటికన్న నేడు కొంచెము మెరుగైనవానిని గూడ సభలో మెచ్చుకొనుడు. పై తరగతి విద్యార్థులారా, ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్నవానిని చేరదీసి, నడుము వంగక, ఊపిరి తప్పక వ్యాయామము చేయుట నేర్పుడు. మొదటిదినముననే పెద్ద బరువు నెత్తింపవలదు. ముందు పద్ధతి, పిదప బరువు.

గెలిచినవాని పతకము వాని యింటనే యుండును. నేర్పినవాని విద్య పదియిండ్లకు చేరును. మా పాఠశాలయందు ఈ రెండవ గౌరవమును కోరువారు వృద్ధిచెందవలెనని మా యాకాంక్ష.