గళ్ళలో చిక్కిన చేపలు

‘చెరువు ఎండినా బురదలో ప్రాణం నిలుపుకొనే చేప – నాలుగు గళ్ళు.’ ఈ ఆధారాన్ని చూచిన కోస్తా విద్యార్థి ‘కొర్రమీను’ అని వ్రాస్తాడు. దేవరకొండలోనో అచ్చంపేటలోనో చదివే విద్యార్థి ‘కొర్రమట్ట’ అని వ్రాయడానికే ఎక్కువ అవకాశం వున్నది. రెండూ నాలుగు గళ్ళే. రెంటికీ మొదటి రెండక్షరాలు ఒకటే. రెండూ ఒకే చేప పేర్లు. అయినా సమాధానాల పట్టికలో ఒక్క మాటకే చోటు వుంటుంది. రెండవ మాట వ్రాసినవాడు ఓడిపోయినట్లు లెక్క. పదబంధప్రహేళిక ఒట్టి కాలక్షేపమే అయితే ఈ సంగతిని పట్టించుకోనక్కరలేదు. కాని దానిని బడిలో భాషాబోధనకు సాధనంగా వాడుతున్నాము. అందుచేత, చేపల పేర్లతో అల్లిన ప్రహేళికలో ఏ నీటి చేపలు వుండవలెనన్న ప్రశ్న వేసుకోక తప్పదు.

ఈ ఆట పుట్టినది మన దేశంలో కాదు. 1913 డిసెంబరు 21వ తేదీ ఆదివారంనాడు న్యూయార్కులోని ‘వరల్డ్’ పత్రిక అనుబంధంలో, లివర్‌పూల్‌లో పుట్టిన ఆర్థర్ విన్ అనే ఆయన దీనిని మొదట ప్రకటించాడు. అప్పటి గళ్ళు చతురస్రంగా కాక వజ్రాకారంలో వుండేవి. లండన్ టైమ్స్ 1930 దాకా ఈ ఆటకు తన పుటలలో చోటు ఇవ్వలేదు. మనవాళ్ళు దీనిని పదబంధప్రహేళిక అన్నారు, గళ్ళనుడికట్టు అన్నారు. మొదటి పేరు వినగానే శ్రీశ్రీ, రెండవ పేరు వినగానే ఆరుద్ర తలపునకు వస్తారు. ఇద్దరూ మాటలతో ఆడుకోవడమెరిగిన కవులు గనుకనే ఈ పరాయి ఆటకు తెలుగు నడక పట్టుబడింది.

పేరు మారినంత తేలికగా ఆట మాత్రం మారలేదు. ఇంగ్లీషు గడిలో వుండేది ఇరవైయారింటిలో ఒక వర్ణం. మన గడిలో వుండేది గుణింతంతోను, వత్తుతోను నిండిన ఒక అక్షరం. కొర్రమట్టలోని రెండవ గడిని నిలువుగా దాటవలెనంటే ‘ర్ర’ గల మాటే కావలెను. ‘ర’ గాని ‘ర్రి’ గాని పనికి రాదు. ‘గుర్రము’ అయితే సరిపోతుంది. ‘గుర్రం’ అయితే సరిపోదు. అక్కడ రెండవ గడిలో ‘ర్రం’ కూర్చుంటుంది. వాడుక భాషను ఎంత అభిమానించే కూర్పరి అయినా గళ్ళ దగ్గరకు వచ్చేసరికి మువర్ణానికి దండం పెట్టక తప్పదు. కూర్చేవానికి ఇది కష్టమే. పూరించేవానికి మాత్రం లాభం: ఒక్క గడి నికరంగా తెలిస్తే మాట సగం దొరికినట్లే.

చేపల ప్రహేళికలు కూర్చేవారు సాధారణంగా రెండు చోట్ల వల వేస్తారు. ఒకటి నిఘంటువు, మరొకటి సముద్రం. నిఘంటువును నేను తక్కువ చేయను. అమరకోశం మొదటి కాండలోని వారివర్గం చేపల పేర్లకు ఒక పెద్ద మడుగు. మీనము, ఝషము, శకులి, విసారము, పాఠీనము, తిమి – వీధిబడులలో ఒకనాటి పిల్లలు వీటిని కంఠస్థం చేసేవారు. ఆ జాబితాలో ‘రాజీవము’ కూడా ఒక చేప పేరు! రాజీవమనగానే మనకు తామరపువ్వే తెలుసు, రాజీవనేత్రుడు తెలుసు. ‘నీటిలో ఈదేది, నీటిపై విచ్చేది – నాలుగు గళ్ళు’ అని ఆధారమిస్తే విద్యార్థి కొంతసేపు తికమకపడి, తరువాత ఆనందపడతాడు. ఆధారానికి వుండవలసిన లక్షణమదే. ‘అండజము’ అలాంటిది కాదు. గుడ్డునుండి పుట్టినది గనుక చేప అండజమే. పక్షీ అండజమే, పామూ అండజమే. ఆ మాటకు ‘చేప’ అని మాత్రమే ఆధారమిచ్చి వూరుకోవడం ఆట కాదు, దాగుడుమూతలలో ఎదుటివాని కళ్ళకు గంతలు కట్టి తాను ఇంటికి పోవడం వంటిది.

ఇక సముద్రం. చందువ, వంజరం, సొర, కానాగంత, పండుగప్ప: ఇవి వినసొంపైన మాటలే. కాని నల్లగొండ, పాలమూరు జిల్లాల పిల్లలకు ఇవి పుస్తకంలోనివో, పట్నపు బజారులోనివో గాని ఇంటివి కావు. వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది పులస. వానకాలపు వరదకు ఎదురీది గోదావరిలోకి వచ్చిన తరువాత అది పులస. సముద్రంలో వున్నంతకాలం దానిని వలస అంటారు. ‘పులసకు కడలిలోని పేరు – మూడు గళ్ళు’ అన్న ఆధారం గోదావరి తీరాన అతి సులభం. పాలమూరు విద్యార్థికి ‘వలస’ అన్న మాట తెలియక కాదు, అతనికి అది మరొక విధంగా తెలుసు. దేశంలోని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినది పాలమూరు కూలీ. వాన లేనియేట తల్లిదండ్రులు ఊరు విడిచి ముంబయికో పూణేకో పోతే అమ్మమ్మ దగ్గర వుండి చదువుకొన్నవాడు ఆ మూడు గళ్ళూ నింపగలడు. అయితే అతనికి వేరే ఆధారం కావలెను. చేపల ప్రహేళికలో ఆ రెండర్థాలనూ ఒక్క ఆధారంలో ఇమిడ్చినవారెవరైనా వుంటే వారికి నమస్కారం చేస్తాను.

ఈ మెట్టసీమకు చేపలు లేవనుకోవడం పొరపాటు. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేదే పాత మహబూబునగర్ జిల్లాలో. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం వున్నది. డిండి, కోయిలసాగర్, మూసీ జలాశయాలు వున్నవి. దక్షిణాన నాగార్జునసాగరం వున్నది. జూరాల ఆనకట్టమీద వేయించిన చేపలకు వచ్చేపోయేవారి గుమికూడిక ఎంతటిదో ఆ దారిని వెళ్ళినవారెరుగుదురు. జూన్ 7, 8 తేదీలలో మృగశిర కార్తె ప్రవేశించిననాడు ఈ పల్లెలలో చేపల కూర వండని ఇల్లు, మాంసాహారుల ఇళ్ళలో, అరుదు. అనగా బొచ్చె, జెల్ల, వాలుగ, పరక, రవ్వ, కొర్రమట్ట ఇక్కడి పిల్లలకు నిత్యం వినబడే మాటలు. కొర్రమట్ట సంగతి చెప్పనే అక్కరలేదు. మొప్పలతోపాటు గాలి పీల్చుకొనే అమరిక కూడా దాని తలలో వున్నది. మధ్యమధ్య నీటిపైకి వచ్చి గాలి తీసుకొంటుంది, నీరు తగ్గినప్పుడు తడిబురదలో బ్రతుకుతుంది. పిల్లలను వెంటబెట్టుకొని కాపలా కాస్తుంది. ఎండే చెరువుల దేశానికి తగిన చేప! తెలంగాణ ప్రభుత్వం 2016లో దీనిని రాష్ట్ర మత్స్యంగా ఎన్నుకోవడంలో వింత లేదు. ఆ ప్రకటనలోని పేరు మాత్రం కొర్రమీనే.

‘విద్యార్థి ఎరిగిన మాటలే ఇస్తే అతడు కొత్తగా నేర్చుకొనేదేమిటి?’ అని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అడుగుతారు. మంచి ప్రశ్న. తెలియని మాటను తెలిసిన మాటచేత పట్టించడమే ఈ ఆటలోని కీలకం. ‘వల’ అన్న రెండు గళ్ళు ఏ పిల్లవాడైనా నింపుతాడు. ఆ ‘వ’ను నిలువుగా ‘చందువ’కు చివరి అక్షరం చేస్తే, సముద్రం చూడనివాడికి కూడా ఒక గడి చేతికి వచ్చింది. ‘చంద్రునిలో సగం పేరు గల సముద్రపు చేప’ అంటే రెండవ గడి సంగతి ఆలోచిస్తాడు, నిఘంటువు తిరగేస్తాడు. తప్పు వ్రాస్తే అడ్డపు మాట అడ్డుపడి చెబుతుంది. గురువు బెత్తం పట్టుకొని నిలబడవలసిన పని లేదు. తెలియని మాటలన్నీ ఒకదానినొకటి ఖండించుకొనేటట్లు అల్లినప్పుడే చిక్కు వస్తుంది. అప్పుడు విద్యార్థి ఆలోచించడం మాని వచ్చేవారం సమాధానాలకోసం ఎదురుచూస్తాడు.

కొర్రమీను, కొర్రమట్టల తగవులో కూడా ఇదే న్యాయం. మూడవ గడికి ‘మీసము’ వంటి మాట, నాలుగవ గడికి ‘నురుగు’ వంటి మాట అడ్డుగా వుంటే, కొర్రమట్ట అని వ్రాసిన పిల్లవాడు తనంతట తానే ఆగి, ఈ చేపకు మరొక పేరున్నదని గ్రహిస్తాడు. అది నేర్చుకోవడం. ఆ రెండు గళ్ళకూ అడ్డంగా ఏ మాటా లేకుండా వదలివేసి, కొర్రమట్ట తప్పని సున్న చుట్టడం నేర్పడం కాదు. ఆ తప్పు కూర్చినవానిది.

ఆ ‘మీను’ అన్న మాటను గురించి ఒక ముక్క. తమిళులు మీన్ అంటారు, కన్నడిగులు మీను అంటారు. మనం చేప అంటూనే కొర్రమీనులో పాత మాటను దాచుకొన్నాము. సంస్కృతంలోని మీనము ద్రావిడ భాషలనుంచే వెళ్ళినదని భాషావేత్తలు చాలామంది అంటారు. తమిళంలో మీన్ అంటే చుక్క కూడా. ఈ శ్లేషను ఆధారం చేసుకొనే హెరాస్ పాదిరి, తరువాత 1994లో వెలువడిన తన గ్రంథంలో ఆస్కో పార్పోలా, సింధులోయ ముద్రికలమీది చేప గుర్తును నక్షత్రమని చదివారు. ఐరావతం మహాదేవన్ 1977లో ఆ గుర్తులన్నిటికీ పట్టిక కూర్చి ఇచ్చాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద చేపల ప్రహేళిక అదే. ఆ శాసనాలు సగటున అయిదు గుర్తులకు అటూఇటుగా వుంటవి. తెలిసిన మరొక భాషలో దానికి జత శాసనం దొరకలేదు. అనగా అడ్డం ఆధారాలు వున్నవి, నిలువు ఆధారాలు లేవు. ఎంత చమత్కారంగా పూరించినా సరియో కాదో చెప్పే గడి లేకపోవడంచేతనే ఆ పండితుల వాదం ఇంతవరకు తెగలేదు. ఒప్పుకు సాక్ష్యం కావలెనన్న సంగతిని తొమ్మిదవ తరగతి పిల్లలకు చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తోచదు.

నిఘంటువులు రావడానికి ముందే జనం పేర్లు పెడతారు. 1957లో బ్యాంకాకునుండి మన దేశానికి తెచ్చిన ఒక రకం చేప చెరువులన్నిటా వ్యాపించింది. ఆ పరదేశపు చేపకు మనవాళ్ళు ‘బంగారుతీగ’ అని పేరు పెట్టుకొన్నారు. ఏ పండిత పరిషత్తు అయినా ఇంత అందమైన మాటను కల్పించగలిగేదా అని నాకు అనుమానమే. మరొకవైపు, 2016 తరువాత ప్రభుత్వం చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదలుతున్నది; వాటితోపాటు రోహు, మృగాల వంటి పేర్లూ దిగుతున్నవి. చేపలు పెరగడం మంచిదే. అయితే బజారు పలకమీద ఆ పేర్లే నిలిచి, రవ్వ అన్న మాట, ఎర్రమోసు అన్న మాట ముసలివారి నాలుకలమీద మిగిలిపోతే వాటిని వ్రాసిపెట్టేవారెవరు?

ఈ పని బడి చేయగలదు. మృగశిర కార్తె వచ్చేనాటికి బళ్ళు తెరిచే రోజులవుతవి. విద్యార్థులు పదిమంది తమ ఊరి చెరువు దగ్గర చేపలు పట్టేవారిని అడిగి, ఒక్కొక్క చేపకు వారు చెప్పే పేరును, అది ఏ నీటిలో ఎప్పుడు దొరికేదీ, ఏ వలకు గాని గాలానికి గాని చిక్కేదీ వ్రాసుకొని రావలెను. పిల్లలు ‘శాప’ అని పలికితే అట్లాగే వ్రాయనీయవలెను. పక్కన ‘చేప’ అనీ వ్రాయించవచ్చును. ఆ మాటలతో తొమ్మిది గళ్ళకు తొమ్మిది గళ్ళ చదరం కూర్చడం ఒక వారం పని. గుర్రము, గుట్ట, మడుగు వంటి సులభమైన మాటలు అడ్డుకట్టలుగా వుంటవి, నడుమ రాజీవము వంటి రెండు మూడు కఠినమైనవి వుండవచ్చును. సమాధానాల పట్టికలో మాత్రం నాలుగు గళ్ళ చేపకు ఎదురుగా రెండు పేర్లూ అచ్చువేయించవలెను.