చెరువుకట్టను కాచువారెవరు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము - ఈ మూడు పట్టణములును పూర్వపు చిత్తూరు జిల్లాలోని పడమటి మెట్టమీద నున్నవి. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తుననున్న ఈ నేలలో ఏడాది పొడవునను పారు నది యొక్కటియు లేదు. కురియు వాన కొద్ది. ఆ కొద్దియు కొన్ని దినములలోనే కురిసిపోవును. ఇట్టి చోట వరదను గూర్చి మాటలాడినచో వినువారికి నవ్వు వచ్చుట సహజము. బోరు వెంట బోరు త్రవ్వించి అప్పులపాలైన రైతునకు వరదభయమేమి యని వారడుగవచ్చును. 2021 నవంబరులో కురిసిన వాన ఆ ప్రశ్నకు కఠినమైన సమాధానము చెప్పినది.

మదనపల్లె ప్రాంతపు వంకల నీటిని బాహుదా నది తీసికొనిపోవును. నిమ్మనపల్లె వద్ద దానిపై ఒక జలాశయము కలదు. దిగువకు పోయి బాహుదా పింఛానదితో కూడగా ఆ రెండింటికిని చెయ్యేరు అని పేరు. అది తుదకు పెన్నలో కలియును. పింఛానదిపై నొక జలాశయము, చెయ్యేటిపై రాజంపేట చేరువ అన్నమయ్య జలాశయము కట్టిరి. 2020లో నివర్ తుఫానునకు పింఛా కట్ట దెబ్బతినగా, తాత్కాలికముగా మట్టితో వలయకట్ట వేసిరి. మరుసటి వానకాలము వచ్చునప్పటికిని ఆ తాత్కాలికమే దానికి దిక్కు. 2021 నవంబరు వరదలో అది నిలువలేదు. 19వ తేదీ తెల్లవారుజామున అన్నమయ్య జలాశయపు మట్టికట్టయు తెగినది. పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట, గుండ్లూరు మున్నగు పల్లెలమీదికి నీరు విరుచుకొనిపడినది. ఎందరో ప్రాణములు కోల్పోయిరి.

న్యాయము చెప్పవలెనన్న ఆనాటి వరద అసాధారణమైనది. రెండు లక్షల పైచిలుకు క్యూసెక్కులకు సరిపడునట్లు కట్టిన కట్టడము మీదికి మూడు లక్షలకు మించిన వరద వచ్చినది. అన్ని గేట్లును సక్రమముగా పనిచేసియున్నచో కట్ట నిలిచియుండెడిదని రూఢిగా చెప్పజాలము. కాని అయిదు గేట్లలో ఒకటి అవసరమైనపుడు లేవకపోవుటకును, తాత్కాలికపు కట్ట ఏడాది గడచినను తాత్కాలికముగనే యుండుటకును మేఘమును నిందించి ప్రయోజనము లేదు.

అదే వారమున తిరుపతి చేరువనున్న రాయలచెరువు కట్టనుండి నీరు కారుట కనబడినది. దిగువ పల్లెలను ఖాళీ చేయించిరి. ఇసుక బస్తాలు తెచ్చి రేయింబవళ్ళు పనిచేసి కట్టను కాపాడిరి. కారుచున్న నీటిని సకాలమున చూచిన కన్నులు అచ్చట నుండెను. ఈ రెండు ఘట్టములకును గల తేడాను చెరువుల పోషణను గూర్చి ఆలోచించువారు మరువరాదు.

పెద్ద జలాశయముల మాట అటుండనిచ్చి, మెట్టసీమలో వరదను నిలుపునది ముఖ్యముగా చిన్న చెరువులని గుర్తింపవలెను. ఇవి విడివిడిగా త్రవ్వినవి కావు. ఎగువ చెరువు నిండగా మిగులు నీరు అలుగు మీదుగా పొర్లి - ఈ సీమవారు అలుగును మరవ యందురు - వంకబట్టి దిగువ చెరువును చేరును. అదియు నిండినచో ఇంకొకదానిని చేరును. ఇట్టి వరుసకు గొలుసుకట్టు చెరువులని పేరు. కుండపోతగా కురిసిన వానను ఒక్కొక్క చెరువును కొంత పట్టియుంచుకొని, మిగిలినదానిని మెల్లగా క్రిందికి విడుచును. అందువలన ఒక్క దినమున దూకవలసిన నీరు కొన్ని దినముల పాటు నడచిపోవును. గొలుసులో ఒక లంకె తెగినచో మాత్రము ఆ చెరువు దాచియుంచినదంతయు ఒక్క పెట్టున దిగువదానిమీద పడును. దాని మరవ అంత నీటికై కట్టినది కాదు గనుక అదియు తెగును.

ఇది ఊహ కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదు నగరమును ముంచినప్పుడు వేలకొలది జనులు మరణించిరి. తరువాత నిజాము ప్రభుత్వము పిలిపించగా వచ్చి విచారించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రాంతములో 788 చెరువులు కలవనియు, వానిలో 221 చెరువులు ఆ వరదలో తెగినవనియు లెక్క తేల్చిరి. ఆయన సలహాపైననే ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు వెలసినవి.

చెరువుకట్ట యెట్లు తెగును? సాధారణముగా అందరి యెదుటను కూలిపడదు. కట్టమీద మొలచిన కంపచెట్టు వేరు లోనికి దిగును; చెట్టు ఎండి వేరు కుళ్ళినచో ఆ దారిలో బోలు ఏర్పడును. ఎలుకలును ఎండ్రకాయలును కలుగులు చేయును. నిండుచెరువు నీరు ఆ కలుగు వెంబడి ఆవలికి ఊరసాగును. ఊరు నీరు తేటగానున్నంతవరకు కొంత నిబ్బరముగా నుండవచ్చును. మట్టి కలిసి ఎఱ్ఱగా వచ్చినచో కట్ట లోలోపల కరగుచున్నదని యర్థము. పూర్వపు నీరుగంటివానికి ఈ తేడా చదువు లేకయే తెలియును. ఇక మరవ సంగతి. మరి రెండు తడులకు నీరు దక్కునని కొందరు మరవమీద ఇసుక మూటలు పేర్తురు. చెరువు లోతట్టును దున్నుకొన్నవారును, అచ్చట ఇండ్లు కట్టుకొన్నవారును చెరువు నిండకుండుటకై అదే మరవను కోయుదురు. ఈ ఇరువురిలో మొదటివాడు కట్టకు చేటు తెచ్చును, రెండవవాడు చెరువునే లేకుండ చేయును. పట్టణములలో మూడవ విధము కలదు: వంకను ఇరువైపుల నుండి మూసి గోడలు లేపుట. వంక అనునది ఎండియున్నప్పుడు దారివలె కనబడును, అందుచేత దానిని ఆక్రమించినవానికి తాను నదిలో ఇల్లు కట్టుచున్నానను స్పృహయే యుండదు.

పూర్వులు చెరువును సప్తసంతానములలో నొకటిగా లెక్కించిరి. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శిలాశాసనము కలదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అచ్చటి చెరువును కట్టించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని యని అందు వ్రాయబడియున్నది. మంచి చెరువునకు పండ్రెండు అంగములను, కూడని దోషములు ఆరింటిని ఆ శాసనము పేర్కొన్నది. కట్టనుండి నీరు కారుట ఆ దోషములలో నొకటి. ఆ చెరువు నేటికిని వాడుకలో నున్నది.

కట్టించుటతో పని ముగియదని వారెరుగుదురు. చెరువు కట్టినవానికి, లేదా తెగినదానిని బాగుచేసినవానికి, దశబంధమను పేర మాన్యభూమి నిచ్చెడివారు. ఆ భూమి ననుభవించువాడు చెరువును పోషింపవలెను. రైతులు తమ వంతుగా కట్టకు మన్ను పోయుట, కాలువ తీయుట కుడిమరమ్మతు అనబడెను. ఈ ఆచారమును మద్రాసు ప్రభుత్వము 1858లో చట్టముచే నిర్బంధము కూడ చేసెను. ఆ కాలమును పొగడువారు ఒక సంగతి మరచుచుందురు: నిర్బంధపు చాకిరి ఎప్పుడును పేదవాని వీపుమీదనే పడినది. దానిని మరల కోరుట తగదు. 1948 చట్టముతో జమీందారీలు పోయినవి. పుంగనూరు కూడ జమీందారీయే. 1956 చట్టముతో ఇనాములును రద్దయినవి. అవి పోవుట న్యాయమే. అయితే భూమితో ముడిపడియున్న బాధ్యతను ఎత్తుకొనుటకు వేరొక భుజము సిద్ధముచేయక మునుపే పాత భుజము తొలగిపోయినది.

అంతకన్న లోతైన మార్పు బోరులతో వచ్చినది. చెరువు క్రింద వరి పండించు రైతు తూమును, కట్టను చూడకుండ ఉండలేడు. మదనపల్లె అంగడికి టమాటా తెచ్చు రైతు బోరుతో పండించును. తూము చెడినను వాని పంట అప్పటికప్పుడు ఎండదు. చెరువులో నిలిచిన నీరు ఇంకియే తన బోరులో నూరుచున్నదని వానికి తెలియకపోలేదు, కాని ఆ సంబంధము కంటికి కనబడునది కాదు.

ప్రభుత్వములు ఊరకున్నవని చెప్పుటయు తగదు. 1997లో రైతులే తమ చెరువుల నిర్వహణ చూచుకొనునట్లు నీటి వినియోగదారుల సంఘములకు చట్టము చేసిరి. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు, తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనవి. లెక్కలేనంత పూడికమట్టి పొలములకు తరలినది. ఇవి మేలే. అయినను పూడిక తీయించుట యొకనాటి పని, దానికి కొబ్బరికాయ కొట్టవచ్చును, శిలాఫలకము పెట్టవచ్చును. కట్టమీది కంప కొట్టుటకు, తూము కడ్డీకి నూనె పూయుటకు ఫలకమెవరు పెట్టుదురు? ఏటేట చేయవలసిన పనికి ఏటేట సొమ్ము కావలెను. అది ఏ పథకపు పేరును లేకుండ ఖాతాలో నుండవలెను.

హాలెండు దేశమున ఈ పనికే ప్రత్యేకముగా జలమండలులు కలవు. వానిలో రైన్లాండు మండలి పదమూడవ శతాబ్దము నాటిది. అవి తమ ప్రాంతమువారినుండి వేరుగా పన్ను వసూలు చేసి కట్టలను చూచుకొనును. అంతటి దేశములోను 1953 ఫిబ్రవరి 1వ తేదీ రాత్రి ఉప్పెనకు కట్టలు తెగి 1,836 మంది మరణించిరి. కట్టలు పల్లముగా నున్నవని ఇంజనీర్లు ముందే చెప్పియుండిరి. యుద్ధము వచ్చినది, సొమ్ము చాలలేదు, పని వాయిదా పడినది.

ఏటికొక్క మారును నిండని చెరువునకు ఇంత శ్రమయేల యను వాదము ఇంకను మిగిలియున్నది. ఎండియున్న కట్టయే బీటలు వారును, ఎండియున్న చెరువునే జనులు ఆక్రమింతురు. పదేండ్లు నిండని చెరువు పదునొకండవ యేట నిండినప్పుడు పరీక్ష కట్టకే కాని కరవుకు కాదు. అదిగాక ఇప్పుడు స్థితియే మారినది. శ్రీశైలము నుండి ఎత్తిపోసిన కృష్ణానీరు హంద్రీ-నీవా కాలువలగుండ మెట్టకెక్కి, పుంగనూరు శాఖ దాటి, 2025 ఆగస్టులో కుప్పమును చేరినది. దీనికై ఆ సీమ ఏండ్ల తరబడి వేచియుండెను. ఇకమీద కాలువ నీటితో ముందే నిండిన చెరువుమీద కార్తికపు వాన పడవచ్చును. ఖాళీ చెరువు పట్టుకొనగల వానను నిండిన చెరువు పట్టుకొనలేదు. వచ్చినదంతయు మరవ మీదుగనే పోవలెను. ఆ మరవలు దాటిన నీరు కుప్పమునుండి పాలారులో పడును. కర్ణాటకమున పుట్టిన పాలారు ఆంధ్రదేశములో సుమారు 33 కిలోమీటర్లు మాత్రమే పారి తమిళనాడులో ప్రవేశించును. ఇచ్చటి గండి వార్త వాణియంబాడివారికి వాగులోనే చేరును.

కావలసినది పెద్ద యోజన కాదు. ప్రతి చెరువునకును జీతమునిచ్చి యొక నీరుగంటిని నియమింపవలెను; అతడు చూచినది వ్రాయుటకొక పుస్తకము, దానిపై చేవ్రాలు చేయు ఇంజనీరు ఉండవలెను; ఎగువ చెరువు నిండగానే దిగువ చెరువువానికి కబురు పోవు ఏర్పాటుండవలెను. ఈశాన్యపు వానలు ఆశ్వయుజమున మొదలగును. భాద్రపదములో కొడవలి చేతబట్టి కట్ట యీ కొసనుండి ఆ కొసకు చూచుచు నడచుటకు చిన్న చెరువున నొక పూటయు, పెద్ద చెరువున నొక దినమును పట్టును.