అభ్యాసజన్యమైన చూపు

మణులను, నాణెములను పరీక్షించువారి జ్ఞానము అభ్యాసము వలననే కలుగునని, అది అనుమానజన్యము కాదని, పరులకు మాటలతో అందింపరానిదని భర్తృహరి వాక్యపదీయ బ్రహ్మకాండమున తెలిపెను. 1991లో టనాకా, టేలర్ అను మనస్తత్త్వవేత్తలు ప్రకటించిన పరిశోధన ఇచ్చట స్మరణీయము. పక్షులను చిరకాలము పరిశీలించినవారు చిత్రమును చూచి ‘పక్షి’ యని గుర్తించినంత వేగముగనే దాని జాతిని సైతము గుర్తించిరి. ముఖముల విషయమున మనమందరము ఇట్టి నిపుణులమే. పరిచితుని చూచి కన్ను, ముక్కు లెక్కించి పేరు తేల్చుకొనము గదా!

తాళపత్రమున లేఖకుని వ్రాత నెరుగుటయు ఇట్టిదే యని నా అభిప్రాయము. ప, వలు కలిసిపోయిన చోట అక్షరపట్టిక అక్కరకు రాదు. దానిని వల్లింపజేసి పరీక్ష పెట్టుట మాని, ఆ చూపు గల పెద్దలుండగనే మన విద్యార్థులను వారి ప్రక్కన కూర్చుండబెట్టి, వారమునకు ఒక గంటయైనను తాటాకులు చదివింపవలెను.