మన భాషకు చుట్టాలెవరు?

తెలుగు ప్రాచీన భాష అని 2008లో కేంద్ర ప్రభుత్వం గుర్తించింది. 2011 జనాభా లెక్కల్లో దాన్ని మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్ల 11 లక్షలు. బళ్ళారి, హోసూరు, బరంపురం, ఖరగపూరుల్లో మనవాళ్ళున్నారు. సముద్రం దాటితే మలేషియా, మారిషస్. అమెరికా సంగతి పామర్రు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు! ఇంత గడగడా చెప్పేవాళ్ళం, ‘మీ భాషకు దగ్గర చుట్టాలెవరయ్యా?’ అని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం.

సంస్కృతమే తల్లి అని కొందరంటారు. మాటలు అరువు తెచ్చుకోవడం వేరు, పుట్టుక వేరు. తెలుగు, తమిళం, కన్నడం వేరే ఒక కుటుంబానివని మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1816లోనే నిరూపించాడు. అదీ ఎక్కడ? కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందుమాటలో!

సైన్సు విద్యార్థికి రుజువు కావాలి. మన ‘కన్ను’ గోండీలో ‘కన్’. ఎక్కడో బెలూచిస్తాన్‌లోని బ్రాహుయీలో ‘ఖన్’. రెండో రుజువు: తమిళంలో ‘ఇరండు’, కన్నడంలో ‘ఎరడు’ అంటారు. మనం మొదటి అచ్చును వెనక్కి నెట్టి ‘రెండు’ అన్నాం. గోండీ కూడా అదే చేసి ‘రండ్’ అంది. ఇలాంటి పోలికలు చూసే ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును గోండీ, కొండ, కూయి, కువి భాషలతో ఒకే శాఖలో చేర్చారు. అంటే మన సొంత అక్కచెల్లెళ్ళు అడవుల్లో, కొండల్లో ఉన్నారన్నమాట.

మరి వాళ్ళకి మనమిచ్చే మర్యాద ఏమిటి? అర్థంకాని మాట వినపడితే ‘అదేం కోయభాష?’ అని వెక్కిరిస్తాం. కోయ అంటే గోండీలో ఒక మాండలికమే. 2011లో గోండీ మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు. దానికి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చోటులేదు. 15 లక్షలైనా లేని బోడోకి ఉంది. బోడోకి ఇచ్చింది తప్పని నేననను. గోండీకి ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

ఫిన్లాండును చూడండి. అక్కడి ఫిన్నిష్ భాషకు ఎస్టోనియన్ దగ్గర చుట్టం, హంగేరియన్ దూరపు చుట్టం. ఆ దేశం ఉత్తరాన ఉండే సామీ ప్రజల భాషలూ ఆ కుటుంబానివే. సామీలు సుమారు పదివేలమందే. అయినా తమ ప్రాంతపు ప్రభుత్వ కార్యాలయాల్లో తమ భాషలో మాట్లాడే హక్కు వారికి చట్టంలో ఉంది.

‘ఈ భాషల వల్ల లాభమేంటి? ఉద్యోగాలొస్తాయా?’ అంటారు. రైతుబిడ్డగా ఒక్కమాట చెప్తాను. వరికి గ్రాసీ స్టంట్ తెగులొస్తే, తట్టుకునే గుణం దొరికింది గొప్ప వంగడాల్లో కాదు, ఒరైజా నివారా అనే అడవి వరిలో. భాషలోనూ అంతే. మనం పోగొట్టుకున్న బండి ‘ఱ’ పలుకుబడి కొండ భాషలో ఇంకా వేరుగానే నిలిచి ఉంది. ఆ భాష పోతే మన చరిత్రలో ఒక పేజీ చిరిగినట్టే.

మిత్రులారా! మనలో రేపు టీచర్లు, డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు అయ్యేవాళ్ళున్నారు. చింతూరుకో పాడేరుకో బదిలీ అయితే అదేదో శిక్ష అనుకోకండి. అక్కడి పిల్లవాడికి ముందు వాడి భాషలో అక్షరం దిద్దించాలి, తర్వాత మన తెలుగు నేర్పాలి. మనమూ వాడి దగ్గర నాలుగు మాటలు నేర్చుకోవాలి. తెలుగుతల్లికి దండలు వేసేవాళ్ళకి ఆవిడ అక్కచెల్లెళ్ళ ఆకలి పట్టకపోతే ఎలా?