పచ్చ టిక్కులు చూసి మురిసిపోకండి

మీ ఫోన్‌లో ఓ టికెట్ యాప్ ఉందనుకోండి. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ లాగిన్ నుంచి పేమెంట్ దాకా అన్నీ సరిగ్గా నడుస్తున్నాయో లేదో ఎవరో ఒకరు చూడాలి. అవే బటన్లు వందసార్లు నొక్కలేక వచ్చిందే 'రికార్డ్ అండ్ ప్లేబ్యాక్'. మనం ఒక్కసారి నొక్కుతూ పోతే టూల్ రాసుకుంటుంది, ఆ తర్వాత అదే నొక్కుతుంది.

అమీర్‌పేట కోచింగుల్లో ఒకప్పుడు విన్‌రన్నర్, క్యూటీపీ పేర్లు మోగిపోయేవి. రెండూ మెర్క్యురీ కంపెనీవి. 2004లో థాట్‌వర్క్స్‌లో పనిచేసే జేసన్ హగ్గిన్స్ ఉచిత టూల్ ఒకటి మొదలుపెట్టి దానికి సెలీనియం అని పేరు పెట్టాడు. పాదరసం విషానికి సెలీనియం విరుగుడట, అదీ జోకు! 2006లో జపాన్ నుంచి షిన్యా కాసతానీ దానికి రికార్డర్ జతచేశాడు. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్లేరైట్‌లోనూ 'కోడ్‌జెన్' అనే రికార్డర్ ఉంది.

మా ఖిలా వరంగల్‌లో బీటెక్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న తమ్ముడొకడు ఉన్నాడు. కోట టికెట్లు బుక్ చేసే ఉత్తుత్తి వెబ్‌సైట్ తయారుచేసి, దానికి టెస్ట్ రికార్డ్ చేశాడు. "టెస్టింగ్ అంటే ఇంతే గదా అన్నా, నొక్కుడే గదా" అన్నాడు. నేను ఊరికే 50 రూపాయల ధరని 0 చేసి, మళ్లీ నడిపించమన్నాను. అన్నీ పచ్చ టిక్కులే! వాడి మొహం చూడాలి.

రికార్డర్ మన వేలు ఎక్కడికెళ్లిందో రాసుకుంటుంది. మన కన్ను ధర చూసి "ఆ, కరెక్టే" అనుకున్న సంగతి దానికేం తెలుసు? 'ఇక్కడ 50 ఉండాలి' అని మనమే చెప్పాలి. దాన్నే అసర్షన్ అంటారు. అది లేని టెస్ట్ కంపెనీకి నష్టమే. తప్పుందని తెలియకుండానే యాప్ జనంలోకి పోతుంది.

ఇంకో చిక్కు, బటన్ అడ్రస్. మా కోటలో నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 'తోరణం దగ్గర కలుద్దాం' అంటే ఎక్కడ కలుస్తాం? పోనీ 'మూడో దుకాణం పక్కన' అందామంటే, మధ్యలో కొత్త దుకాణం పడితే అంతే సంగతులు. రికార్డర్ కూడా ఒక్కోసారి 'మూడో డబ్బాలో రెండో బటన్' అని రాసేసుకుంటుంది. పేజీలో ఓ బ్యానర్ చేరిందా, టెస్ట్ ఢమాల్. బటన్ మీది పేరుతో వెతకడం మేలు. కాకపోతే యాప్‌ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చగానే 'పే' కాస్తా 'చెల్లించండి' అవుతుంది. రెండు భాషల యాప్ అయితే డెవలపర్‌ని అడిగి టెస్ట్ ఐడీ పెట్టించుకోవడమే నయం.

మడికొండ ఐటీ పార్కుకో హైదరాబాద్‌కో ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు రికార్డర్‌ని మానేయనక్కర్లేదు, మొదటి డ్రాఫ్ట్‌కి భలే పనికొస్తుంది. కానీ అది రాసిన కోడ్ లైను లైనూ చదవండి. లాగిన్ అయ్యేటప్పుడు మీరు కొట్టిన పాస్‌వర్డ్ కూడా అందులో ఉన్నదున్నట్టు పడి ఉంటుంది. గిట్‌హబ్‌లో పెట్టేముందు తీసేయండి.